పొడినీళ్ల మర్దన

మా మామగారు నడుము పట్టు తీసేవారు. మెడ పట్టేసినా, భుజం గూడు తప్పినా, వెన్నుపూస పక్కకు జరిగినా ఖమ్మం నుంచి భద్రాచలం వెళ్లే దారిలో ఉన్న మా ఊరికి బండి కట్టించుకుని వచ్చేవాళ్లు. తాతల కాలంలో కృష్ణా వైపు నుంచి వచ్చి అడవి అంచున పొలాలు చేసుకున్న కుటుంబం మాది. అక్కడి నుంచి ఎడ్లతో పాటు ఈ చేతివిద్యనూ తెచ్చుకున్నారట. దానికి ఏమీ పుచ్చుకునేవారు కాదు. తగ్గినవాళ్లు మా ఇంట్లో రాములవారి పటం ముందు ఒక కొబ్బరికాయ కొట్టి వెళ్లాలి, అంతే. మా ఇంట్లో కొబ్బరి పచ్చడి లేని రోజు ఉండేది కాదు.

ఆ విద్యలో సగం పని నాది. సగమని నేననుకునేదాన్ని.

"కండ వదలందే ఎముక మాట వినదు" అనేవారు మామగారు. బిగుసుకున్న కండ మీద చెయ్యి వేసి తిప్పితే ఉన్న పట్టు పోకపోగా కొత్త నొప్పి పుడుతుంది. అందుకని ముందు కండను మెత్తబరచాలి. నువ్వుల నూనెలో వావిలాకు వేసి కాచి, గోరువెచ్చగా అయ్యాక మెడ నుంచి నడుము దాకా మర్దన చెయ్యాలి. ఆడవాళ్లు, పిల్లలు నా వంతు. మగవాళ్లకు వాళ్ల వెంట వచ్చినవాళ్లే, నేను గుమ్మంలోంచి చెప్తుంటే, రాసేవాళ్లు. అరగంట రాస్తే అరచేతి కింద ఏదో కదులుతుంది, నానిన పెసరపప్పు మీద పొట్టు కదిలినట్టు. అది కదిలిన క్షణం నాకు తెలిసేది. ఎలా తెలిసేదంటే చెప్పలేను.

అప్పుడు మామగారు గుమ్మం దగ్గర నిలబడి అడిగేవారు.

"వదిలిందా అమ్మాయ్?"

"వదిలింది మామయ్యా."

ఆ తర్వాతే ఆయన చెయ్యి పడేది. ఒక్క విదిలింపు, లోపల టిక్కుమని చప్పుడు, వచ్చినవాళ్ల నోట్లోంచి "అబ్బ" అని ఒక మాట. అయిపోయింది.

నేను బడికి వెళ్లినదాన్ని కాదు. మా నాన్నగారే ఇంట్లో కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించారు, రామాయణం చదవడం నేర్పారు. పుట్టింట్లోగానీ అత్తింట్లోగానీ ఒక మాట అడిగి, నా జవాబు కోసం ఆగి, దాని ప్రకారం పని చేసిన మనిషి ఎవరూ లేరు, ఈ ఒక్క ప్రశ్న దగ్గర తప్ప. పదకొండేళ్లు ఆ ప్రశ్న నాదే. పొద్దున్నే దీపం పెట్టినప్పుడు రాములవారికి మూడు మంచి సంగతులకు దండం పెట్టుకునే అలవాటు నాకు. మొదటిదీ రెండోదీ రోజుకొకటి మారేవి. మూడోది ఎప్పుడూ ఇదే.

ఎనభైల్లో మా మరిదికి పెళ్లయింది. అమ్మాయిది మణుగూరు. మాకు దూరపు చుట్టాలే గానీ వాళ్ల నాన్న గని పనిలో చేరి, ముందు కొత్తగూడెం, తర్వాత మణుగూరు తిరిగాడు. పిల్ల కాలనీలో పెరిగింది. మాట గలగల, నవ్వు గలగల. కాపురానికి వచ్చినప్పుడు మంచం, బీరువా, గిన్నెలతో పాటు ఒక గోనెసంచి తెచ్చుకుంది. సంచి విప్పి చూస్తే లారీ ట్యూబు ముక్క. మూడు మూరల పొడుగు, రెండు చోట్ల అతుకులు.

"ఇదేంటమ్మా, బావిలో ఈతకా?" అన్నాను.

"కాదక్కా, నడుముకు. మా నాయిన డ్యూటీ దిగి వస్తే మా అమ్మ దీనిమీదనే పండబెట్టేది."

ఎలాగో చేసి చూపించింది. ట్యూబుకు ఒక కొస మడిచి రబ్బరు పట్టీతో గట్టిగా కట్టింది. బిందెన్నర వేడినీళ్లు పోసి, గాలి బయటికి నొక్కేసి, రెండో కొస కూడా కట్టింది. దాన్ని నులక మంచం మీద పొడుగ్గా పరిచి, పైన బొంత వేసి, నన్ను పడుకోమంది. నేను పడుకోలేదు, పనుందన్నాను. మా ఆయన పడుకున్నారు. ఆవిడ మంచం కొసన కూర్చుని ట్యూబు చివర రెండు చేతులతో నొక్కి వదులుతుంటే, లోపలి నీళ్లు అలలాగా నడుము కింద నుంచి మెడ దాకా పోయి మళ్లీ వెనక్కి వచ్చేవి. పైనున్న మనిషి ఊగుతాడు, వేడి తగులుతుంది, ఒంటికి ఒక్క చుక్క అంటదు.

మామగారు అరుగు మీద నుంచి లేచొచ్చి చూశారు. ట్యూబు మీద చెయ్యి పెట్టారు. బొంత కింద చెయ్యి పెట్టారు.

"మీ ఊరి దగ్గర కొత్త ఫ్యాక్టరీలో బరువు నీళ్లు తయారు చేస్తారంటగా. నువ్వు పొడినీళ్లు తెచ్చావేంటమ్మా" అన్నారు.

ఆవిడ పకపకా నవ్వింది. ఆయన కూడా నవ్వారు. ఆ రోజు నుంచి దానికి పొడినీళ్లని పేరు పడింది.

నేను కూడా నవ్వాననే గుర్తు.

మొదట్లో నాకేమీ అనిపించలేదు. నూనె చేసే పని ట్యూబు చేస్తుందా అనుకున్నాను. అడవి పల్లె నుంచి తునికాకు మోపులు మోసే మనిషి ఒకామె నడుము పట్టి వచ్చింది. రవిక విప్పడానికి సిగ్గుపడి, నూనె గిన్నె చూడగానే గోడకు అతుక్కుపోయింది. మా తోడికోడలు ఆమెను కట్టుకున్న బట్టలతోనే ట్యూబు మీద పడుకోబెట్టింది. పావుగంటలో ఆమె గురక.

మామగారు గుమ్మంలోకి వచ్చారు. "వదిలిందా?" అన్నారు. నావైపు కాదు.

"అవ్ మామయ్యా, గురకనే చెప్తంది" అంది ఆ పిల్ల.

ఆయన గట్టిగా నవ్వారు. పదకొండేళ్లలో నా జవాబుకు ఆయన ఒక్కసారీ నవ్వలేదు. నేను నవ్వించాలని కూడా అనుకోలేదు, అది వేరే సంగతి.

అక్కడి నుంచి మొదలైంది. ఆడవాళ్లకు ట్యూబు నచ్చడానికి కారణాలు నాకూ కనపడుతూనే ఉన్నాయి. చీరకు నూనె మరకలు కావు. తలంటు పోసుకునే పని లేదు. అమావాస్య, ఏకాదశి, ఇంట్లో తద్దినం అని నూనె ముట్టని రోజులు మనకు చాలా ఉంటాయి. ఆ రోజుల్లో వచ్చినవాళ్లను నేను ఇదివరకు తిప్పి పంపేదాన్ని. పొడినీళ్లకు ఆ అడ్డం లేదు. వాకిట్లో బండి ఆగితే "నీళ్లమ్మ ఉందా?" అని అడిగేవాళ్లు. నాకు పదకొండేళ్లలో ఎవరూ పేరు పెట్టలేదు. నూనెమ్మ అన్నా సంతోషించేదాన్ని.

వావిలాకు నూనె కాచడం మానలేదు. రాసేవాళ్లు లేక ముంతలో అది చిక్కబడేది. నా అరచేతుల్లో ఎప్పుడూ ఉండే వాసన ఒక నెలకు పోయింది. అన్నం కలుపుతూ వాసన చూసుకుంటే చెయ్యి ఎవరిదోలా ఉంది. మా ఆయన నా మొహం చూసి, "ఏంటలా కందగడ్డలా పెట్టుకున్నావు, ఎండ తగిలిందా?" అనేవారు. పొయ్యి వేడి అనేదాన్ని.

దీపం దగ్గర మూడో దండం వచ్చేది కాదు. "రామయ్యా, ఇంటికి మంచి తోడు ఇచ్చావు" అని పైకి అనేదాన్ని. మాట పెదవి దాటేది గానీ లోపలి నుంచి వచ్చేది కాదు. ఒకరోజు మధ్యాహ్నం దిండు గలీబు కుడుతూ కూర్చున్నాను. ఎదురుగా చిలక్కొయ్యకు ట్యూబు వేలాడుతోంది. చేతిలో సూది. చాలాసేపు ఆ రెండింటినీ చూశాను. కుట్టు పూర్తి చేసి సూదిని డబ్బాలో పెట్టి మూత బిగించాను. ఆ రోజు నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. సూదికంటే నోరు పదునని అప్పటికి ఆలోచించలేదు.

శ్రీరామనవమికి మా దారి వెంట జనం నడిచి వెళ్తారు. ఆ ఏడు పండుగకు మూడు రోజుల ముందు తిరుమలాయపాలెం వైపు నుంచి వస్తున్న ఒక జట్టు మా ఊళ్లో ఆగింది. అందులో ఒక పెద్దామె, అరవై దాటి ఉంటాయి. దారిలో మూట ఎత్తుకోబోతే మెడ నుంచి నడుము దాకా పట్టేసింది. గడ్డం గుండెకు ఆనిపోయి తల లేవడం లేదు. ఇద్దరు రెక్కలు పట్టుకుని మా ఇంటికి తెచ్చారు. ఐదేళ్లు నడిచి వచ్చి కల్యాణం చూస్తానని ఆమె మొక్కు. ఇది ఐదో ఏడు. జట్టు మర్నాడు పొద్దున బయలుదేరాలి, లేకపోతే కల్యాణానికి అందదు.

ఆమె దీక్షలో ఉంది. నూనె ముట్టదు, మంచం ఎక్కదు, తానే ఉతికి ఆరేసుకున్న మడిబట్ట తప్ప కట్టదు.

"మంచమెందుకు అవ్వా, కింద చాప మీద ఏస్తం" అంది మా తోడికోడలు ట్యూబు కడుగుతూ. "నీళ్లు నీకు అంటయా, ముడతయా. నీ బట్ట నీ మీదనే ఉంటది. జల్దీ అయిపోతది."

పెద్దామెకు అది సబబుగానే తోచింది. అయినా నేలకేసి చూస్తూనే నన్ను అడిగింది.

"నువ్వు రామాయణం చదువుతవంట గదా బిడ్డా. మీ ఊరోళ్లు చెప్పిన్రు. దీనిమీద పండుకుంటే దీక్షకు దోషమేమన్న ఉన్నదా? నువ్వు చెప్తే పండుకుంట."

మళ్లీ ఒకరు నన్ను అడిగి, నా జవాబు కోసం ఆగారు. ఎన్ని నెలలైందో. ఆ తీపి నోటికి తగిలాక నేను ఆగలేదు.

"ఎవరి లారీదో, ఏ దారిలో ఏమేం తొక్కిందో ఆ చక్రం. దాని మీద పడుకుంటే మడి నిలవదు పెద్దమ్మా. శాస్త్రం ఒప్పుకోదు" అన్నాను.

ట్యూబు టైరు లోపల ఉంటుందనీ, అది నేలను తొక్కదనీ నాకు తెలుసు. మా రామాయణంలో లారీలు లేవనీ తెలుసు.

"అట్లయితే వద్దు" అంది పెద్దామె. తోడికోడలు చేతిలో తడిగుడ్డ ఆగింది. నాతో వాదిస్తుందనుకున్నాను. "అక్కకు తెలిసినట్టు నాకేం తెలుస్తది" అని ట్యూబును మళ్లీ కొయ్యకు తగిలించింది. వెటకారం కోసం ఆ గొంతులో ఎంత వెతికినా దొరకలేదు. అది ఇంకా కష్టంగా అనిపించింది.

మామగారు వచ్చి, నూనె లేదు, పొడినీళ్లూ లేవని విని తల అడ్డంగా ఊపారు. "వదలకుండా నేను చెయ్యి వెయ్యనమ్మా, ప్రాణం మీదికొస్తుంది" అని పెద్దామెకు చెప్పారు. ఆమె మా వసారాలోనే చాప మీద ఒరిగింది. సాయంత్రం నేను ఆయనకు మజ్జిగ ఇస్తుంటే గ్లాసు అందుకుని నెమ్మదిగా అడిగారు.

"ఆ ట్యూబు సంగతి ఏ కాండలో ఉందమ్మాయ్?"

నేను మజ్జిగ చెంబు మీద మూత సర్దాను. ఆయన మళ్లీ అడగలేదు. మజ్జిగ తాగి గ్లాసు అరుగు మీద పెట్టారు.

మర్నాడు పొద్దున్నే స్నానం చేసి, మడిచీర కట్టుకుని, దీపం పెట్టి పటానికి పూలు సర్దుతున్నాను. వెనక చప్పుడైతే తిరిగాను. పెద్దామె గోడ పట్టుకుని దేవుడి గది గుమ్మం దాకా వచ్చింది. గడ్డం అలాగే గుండెకు ఆని ఉంది.

"స్వామికి ఏం పూలు పెట్టినవు బిడ్డా? తల లేస్తలేదు."

"గన్నేరు పెద్దమ్మా. తులసి."

"మంచిగ పెట్టినవా?"

"పెట్టాను."

ఆమె చేతులు జోడించింది. చూపు పైకి పోదు కదా. పటం ముందు నేను నిలబడి ఉన్నాను. ఆమె కళ్ల ముందు ఉన్నవి నా పాదాలు. ఆ దండం వచ్చి నా పాదాల దగ్గర ఆగిపోయింది. నేను చటుక్కున పక్కకు జరిగాను, నిప్పు తొక్కినట్టు. అక్కడ ఖాళీ నేలకు ఆమె దండం పెడుతూనే ఉంది.

బయటికి వచ్చి తోడికోడల్ని పిలిచాను. ఆవిడ కల్లాపి చల్లుతోంది.

"ఆ ట్యూబు తే."

"ఎవరికక్కా?"

"నాకు."

ఆవిడ కల్లాపి చెంబు పక్కన పెట్టింది. కాగులో నీళ్లు మరిగి ఉన్నాయి. చల్లనీళ్లు తొరిపి ట్యూబు నింపి, వసారాలో, తిరిగి వచ్చి కూర్చున్న పెద్దామె చాప పక్కనే పరిచింది. ఈసారి బొంత కూడా వెయ్యలేదు. నేను మడిచీరతో ఆ నల్ల రబ్బరు మీదే పడుకున్నాను. ముందు నీళ్ల బరువు నడుము కింద కదిలింది. తర్వాత వేడి వీపు మొత్తం ఎక్కింది. ఆవిడ నొక్కి వదులుతుంటే, ఎవరో నన్ను ఎత్తుకుని ఊపుతున్నట్టు. పదకొండేళ్లు ఇంకొకరి వీపుల మీద వంగిన నా నడుము ఎంత బిగిసి ఉందో అప్పుడు తెలిసింది. బాగుంది. చాలా బాగుంది. అంత బాగుండటం నాకు నచ్చలేదు.

లేచాను. మళ్లీ స్నానం చెయ్యలేదు, చీర మార్చలేదు. పెద్దామె ముందు నుంచే దేవుడి గదిలోకి వెళ్లి, బెల్లం ముక్క నైవేద్యం పెట్టి గంట కొట్టాను. తిరిగి వచ్చేసరికి ఆమె నేలకేసి చూస్తూనే నవ్వుతోంది.

"మళ్ల తానం చెయ్యకుంటనే పోయినవు గదా బిడ్డా."

"అవును పెద్దమ్మా. నిన్న నేను చెప్పింది శాస్త్రం కాదు. నా మాట."

"మరి గట్లెందుకన్నవు?"

ట్యూబు కొస బిగిస్తున్న తోడికోడలు తల ఎత్తకుండానే, "మా అక్కకు నా ట్యూబంటే గిట్టదు అవ్వా. ఏందోలే, దీనికేం తెలుస్తది, రబ్బరుది" అంది. ఇన్నాళ్లూ నేను దాచుకున్నాననుకున్నది ఆ పిల్లకు మొదటి నుంచీ తెలుసు.

మామగారు గుమ్మంలో ఉన్నారు. ఎప్పటి నుంచి ఉన్నారో. "ఏ కాండలోనూ లేదు మామయ్యా" అన్నాను. ఆయన ఊఁ అన్నారు, అంతే.

పెద్దామెను నీళ్ల మీద పడుకోబెట్టాం. ఆ పిల్ల అల మీద అల పంపుతోంది. ఒకసారి నీళ్లు చల్లారితే మళ్లీ నింపాం. జట్టువాళ్లు మూటలు ఎత్తుకుని వాకిట్లో నిలబడ్డారు. "పొద్దెక్కుతంది" అని ఒకాయన రెండుసార్లు దగ్గాడు.

మామగారు అడిగారు. "వదిలిందా?"

ఆ ప్రశ్న తోడికోడలికే. నేను గోడవైపు చూశాను. ఆవిడ నా కొంగు పట్టి లాగింది.

"అక్కా, నువ్వొకసారి చెయ్యి పెట్టి చూడు."

"నిన్ను కదా అడుగుతున్నారు."

"నాకు నీళ్లు నొక్కుడే తెలుసు" అంది, మామగారికి వినపడకుండా. "లోపల వదిలిందా లేదా నాకేం ఎరుక. ఇన్ని రోజులు అందాజగనే చెప్తున్న. ఆయన చెయ్యేసేటప్పుడు ప్రతిసారీ నా గుండె దడదడ కొట్టుకుంటది. నిన్ను అడుగుదామంటే నీ మొహం చూస్తే భయం."

పొడిచేతిని బట్ట మీద నుంచే పెద్దామె మెడ కింద పెట్టాను. కుడివైపు మెత్తబడింది. ఎడమవైపు భుజం దగ్గర ఇంకా ముడి ఉంది. నూనె లేకుండా తెలుస్తుందా అని భయపడ్డాను. తెలిసింది.

"ఇంకా లేదు మామయ్యా" అన్నాను.

ఆయన ఆగారు. వాకిట్లో వాళ్లూ ఆగారు. "ఎడమ పక్కకు పంపు" అని నేను చెప్తుంటే ఆవిడ ట్యూబును అటు వంచి నొక్కింది. కాసేపటికి అరచేతి కింద పప్పు మీది పొట్టు కదిలింది.

"ఇప్పుడు వదిలింది."

ఆయన వచ్చి పెద్దామె తల రెండు చేతుల్లోకి తీసుకున్నారు. టిక్కుమంది. ఆమె "రామా" అంది. మెల్లగా లేపి కూర్చోబెడితే గడ్డం గుండెను వదిలింది. మొదట మా వాకిలి చూసింది, తర్వాత మా మొహాలు. లేచి తనంతట తానే దేవుడి గది దాకా వెళ్లి పటం చూసింది.

"గన్నేరే అన్నవు. మందారం గూడ పెట్టినవు గదా బిడ్డా."

తొందరలో చెప్పడం మర్చిపోయానన్నాను. కొబ్బరికాయ కల్యాణం చూసొచ్చి కొడతానని, జట్టుతో పాటు కర్ర పట్టుకుని వెళ్లిపోయింది.

ఆ తర్వాత మామగారు బతికి ఉన్నన్నాళ్లూ మేమిద్దరం కలిసే చేశాం. కింద ఆవిడ నీళ్లు, పైన నా చెయ్యి. ఆయన ఎవరి మొహమూ చూడకుండా గుమ్మం దగ్గర నిలబడి "వదిలిందా?" అనేవారు. నేను చెప్పేదాన్ని. నవ్వించే మాట ఆవిడ అనేది. ట్యూబు మూడుసార్లు మార్చాం. దీపం దగ్గర మూడో దండం తిరిగి వచ్చింది. రాములవారి దయ, ఆ పిల్ల మంచితనం. ఈ రెండూ లేకపోతే నా చేతికి ఎవరి వీపూ దక్కేది కాదు.

ఈర్ష్య పూర్తిగా పోయిందా అంటే, ఆ ఏడు పండుగ వెళ్లిన రెండో రోజు పెద్దామె బస్సు దిగి వచ్చింది. తల నిటారుగా ఉంది. కొబ్బరికాయ కొట్టి, కొంగుముడి విప్పి, కల్యాణం తలంబ్రాలు మా ఇద్దరికీ రెండు కాగితపు పొట్లాల్లో ఇచ్చింది. కళ్లకద్దుకున్నాను. నిజంగా కన్నీళ్లు వచ్చాయి. పూజగదిలో పెడదామని రెండూ తీసుకుని వెళ్లి, తలుపు దగ్గరకు వేశాక, కుడిచేతిలో ఒకటి, ఎడమచేతిలో ఒకటి పెట్టుకుని చూశాను.

తోడికోడలిదే కొంచెం బరువు. పటంలో స్వామి చూస్తూనే ఉన్నాడు. రెండు పొట్లాలూ విప్పి ఒకే వెండిగిన్నెలో పోసేశాను.